బొమ్మ వెనక గచ్చు వదిలిందా? థర్మల్ కెమెరా ఏం చెబుతుంది

ప్రశ్న: మేం చూసుకునే పాత భవనంలో గోడల నిండా బొమ్మలున్నాయి. ఒక గోడ మీద రెండుచోట్ల ఉబ్బినట్టుగా ఉంది. ఫోనుకు తగిలించే థర్మల్ కెమెరా కొంటే గోడ లోపలంతా కనిపిస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? దాని కిరణాలకు రంగులు పాడవుతాయేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి. థర్మల్ కెమెరా గోడ మీదికి ఏమీ పంపదమ్మా. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వదులుతూనే ఉంటుంది. కెమెరా వాటిని అందుకుని రంగుల్లో చూపిస్తుంది, అంతే. బొమ్మకు ఏమీ కాదు.

మీ అబ్బాయి మాట మాత్రం సగమే నిజం. కెమెరాకు తెలిసేది గోడ పైపొర వేడి ఒక్కటే. అయితే లోపలి తేడా ఆ పైపొర వేడిలో బయటపడుతుంది, పాత బొమ్మల్ని కాపాడే మాలాంటి పరిరక్షకులకు పనికొచ్చేది అదే. ఎండ తగిలినప్పుడో గది వేడెక్కినప్పుడో గోడకు పూసిన గచ్చులోంచి వేడి వెనకున్న ఇటుకలోకో రాతిలోకో దిగిపోతూ ఉంటుంది. గచ్చు గోడను వదిలేసిన చోట మధ్యలో పల్చటి గాలి పొర మిగులుతుంది. గాలి వేడిని సరిగా దాటనివ్వదు. కాబట్టి ఆ మేర గచ్చు చుట్టుపక్కల కంటే ముందే వేడెక్కుతుంది. చల్లబడే వేళ వెనకనుంచి వేడి అందక, ముందే చల్లారేదీ అదే.

అందుకే ఒక్క ఫొటో చూపించి చెప్పమంటే నేను చెప్పను. గోడ వేడెక్కేటప్పుడు ఒకటి, చల్లారేటప్పుడు ఒకటి కావాలి. ఒకదాంట్లో వేడిగా, రెండోదాంట్లో చల్లగా తారుమారైన మచ్చ ఉంటే అక్కడ బోలు ఉందని అనుమానిస్తాను. రెండింటిలోనూ చల్లగానే ఉంటే నా అనుమానం చెమ్మ మీదికి పోతుంది, ఎందుకంటే తడి ఆరేటప్పుడు గోడలోని వేడిని లాక్కుంటుంది. గాలిలోనే తేమ నిండిన రోజున తడి ఆరదు, కెమెరాలోనూ కనపడకపోవచ్చు. ముసురు పట్టినప్పుడు తీసిన ఫొటో చూసి గోడ పొడిగానే ఉందని ధైర్యపడకండి.

ఇంకో తిరకాసు ఉంది. ఎండ నేరుగా పడే గోడ మీద ముదురు రంగులు ఎక్కువ వేడిని పీల్చుకుంటాయి. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒకమ్మాయి బొమ్మలోని స్త్రీ జడ మొత్తాన్ని బోలు అని గీత గీసి తెచ్చింది. ఆ జడకు వేసింది నల్లరంగు! నేను పాటించే పద్ధతి ఇది: వేడి మచ్చ అంచు బొమ్మ గీతల వెంటే నడిస్తే అది రంగు పని, గీతల్ని అడ్డంగా దాటిపోతే అది గోడ పని. ఒకసారి ఊరేగింపు బొమ్మ మధ్యలో నిటారుగా రెండు గీతలు, పైన ఒక అడ్డగీత వచ్చాయి. ఎప్పుడో ఇటుకలతో మూసేసిన కిటికీ చట్రం అది. కంటితో చూస్తే దాని జాడే లేదు.

ఎండ పడని లోపలి గోడలకు మేం దూరం నుంచి దీపాలతోనో వెచ్చటి గాలితోనో రెండు మూడు డిగ్రీలు వేడి పెంచి, చల్లారేదాకా వరసగా ఫొటోలు తీస్తాం. లోతు రెట్టింపైతే వేడి ప్రయాణానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. సున్నపు గచ్చులో ఒక సెంటీమీటరుకు సుమారు నాలుగు నిమిషాలైతే, రెండింటికి పావుగంట. ఈ పని మాత్రం మీరు ఇంట్లో హీటరు పెట్టి చేయకండి. ఉబ్బిన చోట రంగు పొర ఎంత బలహీనంగా ఉందో ఎవరికీ తెలియదు.

ఫోను కెమెరా కొనాలా అంటే, కొనండి, కానీ ఎక్కువ ఆశించకండి. వాటిలో చాలావాటి ఫొటోలు 256×192 చుక్కలకు మించవు. మేం వాడేవి 640×480. దానికంటే పెద్ద చిక్కు, ఏ వేడికి ఏ రంగు చూపాలన్న స్కేలును అవి వాటంతట అవే మార్చుకుంటాయి. గోడ మొత్తం మీద అర డిగ్రీ తేడా ఉన్నా ఎర్రగా, నీలంగా భయపెడతాయి. స్కేలును కదలకుండా పెట్టే వీలున్న మోడలే తీసుకోండి. ఒకే చోట నిలబడి, అంతే దూరం నుంచి, ప్రతి రుతువులోనూ తీసి, టైము, గది వేడి, తేమ పక్కన రాసిపెట్టండి. ఉబ్బు పెరుగుతోందో లేదో తెలిసేది దానివల్లే. ఆ చోటును మీరు తట్టి చూడొద్దు. పరిరక్షకులు వేలి కణుపుతో మెల్లగా తట్టి శబ్దం వింటారు, కెమెరా మాటను ఖాయం చేసేది ఆ శబ్దమే. చెమ్మ అనుమానం ఉంటే మాత్రం ఆ గోడకు పైనున్న కప్పు, వాననీటి గొట్టం ఈ వారమే చూపించండి.

ప్రశ్న: అద్దాల పెట్టెలో ఉన్న కంచు విగ్రహంలో పగుళ్లు ఈ కెమెరాతో తెలుస్తాయా?

జవాబు: పెట్టె మూసి ఉంటే తెలియవు. మన కంటికి గాజు పారదర్శకమే గానీ, ఈ కెమెరాకు అదొక గోడ. ఫొటోలో మీ ముఖం వేడే తిరిగి కనపడుతుంది. పెట్టె తెరిచినా మెరిసే లోహం, బంగారు రేకు చుట్టూ ఉన్న వేడిని ప్రతిఫలిస్తాయి తప్ప తమ వేడిని సరిగా చెప్పవు. పాతబడి మందంగా పాచి రంగు పట్టిన కంచు కొంత నయం. ఫ్యాక్టరీల్లో మెరుపు పోవడానికి నల్ల టేపు అంటిస్తారు. ప్రాచీన వస్తువు మీద ఆ పని ఎవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. లోహం లోపలి పగుళ్లకు ఎక్స్‌రే మేలు.

ప్రశ్న: పిరమిడ్‌లో రహస్య గది దొరికింది థర్మల్ కెమెరాతోనే కదా?

జవాబు: కాదు, రెండు వార్తలు కలిసిపోయాయి. ఈజిప్టులో 2015లో స్కాన్‌పిరమిడ్స్ బృందం ఖుఫు పిరమిడ్ తూర్పు ముఖాన, నేల దగ్గర కొన్ని రాళ్లు పక్కవాటికంటే బాగా వేడిగా ఉన్నాయని థర్మల్ కెమెరాలతో గుర్తించింది. 2017లో ప్రకటించిన, కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీని పట్టిచ్చినవి అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టే మ్యువాన్ కణాలు. వేడి ఒక్క మీటరు రాయి దాటడానికే రోజులు, వారాలు పడుతుంది. అంత లోతున ఉన్న ఖాళీ సంగతి పైరాయి వేడిలో వెతికితే దొరకదు.