గోకర్ణం వెళ్లే ముందు: మేనకోడలికి ఉత్తరం

మల్లేశ్వరం, బెంగళూరు

చి. సౌ. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చదివాను. నాలుగు రోజుల్లో గోకర్ణం, మురుడేశ్వర్, కార్వార్, యాణ, జోగ్, దాండేలి అన్నీ రాశావు. ఈ లెక్కన పిల్లలు నీళ్లలో ఉండేది తక్కువ, కారులో కూర్చునేది ఎక్కువ. ముందు కొన్ని ఊళ్లు కొట్టెయ్యాలి. దాండేలి అడవి ప్రయాణం, దానికి వేరే సెలవు పెట్టుకోండి. జోగ్ జలపాతానికి గోకర్ణం నుంచి రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైనే, అందులో చాలా దూరం ఘాటు రోడ్డు, అంటే కొండ మలుపుల దారి. పైగా శరావతి నీళ్లను ఎగువన లింగనమక్కి డ్యాములో ఆపేస్తారు. ఆగస్టు, సెప్టెంబరులో హోరెత్తే జలపాతం డిసెంబరుకల్లా బండ మీద సన్నటి ధారలుగా మిగులుతుంది. దానికోసం ఒక రోజంతా పోగొట్టుకోవద్దు.

మూడు రాత్రులూ గోకర్ణంలోనే ఉండండి, మంచం మారొద్దు. ఉత్తర కన్నడ జిల్లాలో సహ్యాద్రి కొండలు సముద్రానికి బాగా దగ్గరగా వచ్చేస్తాయి. మధ్యలో మిగిలిన సన్నటి నేలలోనే ఊళ్లు, వరి మళ్లు, రైలు పట్టాలు, హైవే ఇరుక్కుని ఉంటాయి. అందుకే మ్యాపులో ముప్ఫై కిలోమీటర్లని కనిపించేది కొండ రోడ్డు అయితే గంట పడుతుంది. రోజూ గది ఖాళీ చేసి, సామాను సర్ది, మళ్లీ ఇంకో ఊళ్లో దిగడం అరవై దాటినవాళ్లకు, చిన్నపిల్లలకు సెలవులా ఉండదు.

డిసెంబరు అనుకున్నారు, మంచిదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ తీరం బాగుంటుంది. మార్చి నుంచి ఉక్కపోత మొదలవుతుంది. క్రిస్మస్ ముందురోజు నుంచి జనవరి రెండు దాకా మాత్రం వద్దు. గదుల ధరలు ఎక్కడికో వెళతాయి, ఓం బీచ్ పైన కారు పెట్టుకోను చోటు దొరకదు. డిసెంబరు మొదటి రెండు వారాలు కుదరకపోతే సంక్రాంతి దాటాక చూసుకోండి. శివరాత్రికి అక్కడ పెద్ద రథోత్సవం. రథం చూడాలని వెళ్లేవాళ్లకు అది గొప్ప రోజు, విశ్రాంతికని వెళ్లేవాళ్లకు కాదు.

వానాకాలంలో గదులు చవగ్గా వస్తాయని అల్లుడుగారు అన్నారట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సముద్రంలో దిగే పనే ఉండదు. బీచ్ పడవలు ఆగిపోతాయి. జూన్, జూలైలో మరపడవల చేపల వేటకు కూడా నిషేధం. 2024 జూలై 16న అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ హైవే మీద విరిగిపడి, టీ కొట్టునూ లారీనీ గంగావళి నదిలోకి తోసేసింది. మనుషులు పోయారు. కొండను నిలువుగా కోసి వేసిన రోడ్డు మీద జోరువానలో పిల్లలతో ప్రయాణం పెట్టుకోకూడదు.

మీకు రైలే సరి. మెజెస్టిక్‌లోని కేఎస్‌ఆర్ స్టేషన్ నుంచి కార్వార్ వెళ్లే పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఉంది, నంబరు 16595. సాయంత్రం ఏడు లోపే కదులుతుంది, తెల్లవారాక గోకర్ణ రోడ్ స్టేషన్‌లో దించుతుంది. మీరు వైట్‌ఫీల్డ్ నుంచి శుక్రవారం సాయంత్రం క్యాబ్ నమ్ముకుంటే బండి తప్పుతుంది. పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా స్టేషన్ దగ్గరే దిగుతారు. నాలుగున్నరకల్లా ఇల్లు దాటండి.

టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. శుక్రవారానికి ఆ మొదటి రోజే చేయించాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడే సంగతి ఒకటి ఉంది. ఆరుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే మీ అత్తగారికి పై బెర్తు పడొచ్చు. కింది బెర్తు కోటా అరవై దాటిన మగవాళ్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు ఉంది కానీ, టికెట్‌లో ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. అందుకని మీ అత్తమామలిద్దరికీ విడిగా ఆ కోటాలో తియ్యి, మీ నలుగురికీ వేరేగా తియ్యి. బోగీలు వేరైనా ఫరవాలేదు, రాత్రి పడుకోవడానికే కదా. తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. తప్పనిసరైతే రైలు టికెట్లు తీసే మీ ఖాతాకు ఆధార్ ముందే జతచేసి ఉంచు.

సకలేశ్‌పుర, సుబ్రహ్మణ్య రోడ్ మధ్య 55 కిలోమీటర్ల ఘాటులో 57 సొరంగాలున్నాయి. ఈ బండి దాన్ని చీకట్లో దాటేస్తుంది. యశ్వంతపూర్ నుంచి కార్వార్‌కు వారంలో కొన్ని రోజులు పగటి బండి ఉంది. మీ తేదీల్లో నడుస్తుందేమో చూడు. ఒక పూట ఎక్కువ దొరికితే వెళ్లేటప్పుడు దాంట్లోనే వెళ్లండి, పిల్లలు కిటికీ వదలరు.

కారులో అయితే అయిదు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, తొమ్మిది పది గంటలు. హుబ్బళ్లి, యల్లాపుర మీదుగా అంకోలాకు దిగే దారిలో లారీలు ఎక్కువ. హావేరి, శిరసి మీదుగా కుమటాకు దిగే దేవిమనె ఘాటులో అడవి బాగుంటుంది కానీ, విస్తరణ పనులకని అప్పుడప్పుడూ మూసేస్తుంటారు. బయల్దేరే ముందురోజు కనుక్కోవాలి. ఏ దారైనా అయిదింటికల్లా ఘాటు దిగిపోవాలి, చీకట్లో ఆ మలుపులు వద్దు.

గది దగ్గర తొందరపడకు. ఫొటోలు చూసి కుడ్లె బీచ్ ఒడ్డున గుడిసె బుక్ చేద్దామనుకున్నావు. అక్కడికి బండి రాదు. కొండ మీద దిగి, సామాను మోసుకుంటూ రాళ్ల దారిలో, మెట్ల మీద దిగాలి. తిన్న ప్రతిసారీ, గుడికెళ్లిన ప్రతిసారీ మళ్లీ ఎక్కాలి. మీ అత్తగారి మోకాళ్లకు అది కుదరదు. ఊళ్లో, పెద్ద బీచ్‌కు నడిచే దూరంలో, ఆటో గుమ్మం దాకా వచ్చే చోటు చూడు. ఫోన్ చేసినప్పుడు ఇవి అడుగు: గదికి మెట్లెన్ని, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, పొద్దున్నే దిగితే గది ఇస్తారా, ఆఖరి రోజు ఖాళీ చేశాక సామాను పెట్టుకోనిస్తారా. బండి దిగేది పొద్దున, వాళ్లు గది ఇచ్చేది పదకొండో పన్నెండో అంటారు. ఆ నాలుగు గంటలు పిల్లలు వరండాలో పడిగాపులు పడకుండా ముందే మాట తీసుకో.

ఇంకో సంగతి. మన చెన్నైలో, విశాఖలో సముద్రం తూర్పున ఉంటుంది. అక్కడ పడమట. సముద్రం వైపు గది అని ఎక్కువ డబ్బు తీసుకునే గదికి మధ్యాహ్నం మూడు నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ నేరుగా కొడుతుంది. ఏసీ లేకపోతే సాయంత్రం లోపల నిలబడలేరు. కొండవైపు, తూర్పు ముఖం గది చల్లగా ఉంటుంది, అద్దె కూడా తక్కువే. రాత్రి కొండ మీద నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది కాబట్టి ఆ కిటికీకే గాలి ఎక్కువ. దోమతెర ఉందో లేదో మాత్రం చూడు.

రోజు గడిపే తీరు కూడా ఈ ఎండను బట్టే పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదిన్నర దాకా నీళ్లు, తర్వాత నీడ, మళ్లీ నాలుగు తర్వాత ఇసుక. డిసెంబరు మొదట్లో అక్కడ ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది. ఓం బీచ్ నుంచి హాఫ్ మూన్‌కు కొండ అంచున కాలిబాట ఉంది, అరగంట నడక. దీపాలుండవు. నువ్వూ అల్లుడుగారూ వెళితే నాలుగింటికి మొదలుపెట్టి వెలుతురుండగానే తిరిగొచ్చేయండి. అక్కడి నుంచి ప్యారడైజ్ బీచ్‌కు దారి ఇంకా రాతిది, పిల్లలతో వద్దు. చూడాలనుంటే పొద్దున పూట ఓం బీచ్ నుంచి పడవ మాట్లాడుకోండి. ఎక్కేముందే లైఫ్ జాకెట్లు చూపించమను, పిల్లల సైజు ఉందా అని మరీ అడుగు. పెద్దవాళ్ల జాకెట్ వేస్తే పిల్లవాడు నీళ్లలో పడ్డప్పుడు అది తల మీది నుంచి ఊడి వచ్చేస్తుంది.

సముద్రం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిగ్గా చదువు. ఊరి ముందున్న పెద్ద బీచ్ పొడవుగా, చదునుగా కనిపిస్తుంది. స్నానం చేసేవాళ్లు కొట్టుకుపోయేది ఇలాంటి చోట్లే. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు వెనక్కి పోవడానికి ఇసుకలో ఒక పల్లాన్ని వెతుక్కుంటాయి. ఆ పాయలో నీళ్లు లోపలికి వేగంగా లాగుతాయి. చిక్కేమిటంటే, అక్కడ అలలు విరగవు, నురుగుండదు, చూసేవాళ్లకు అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. రెండు పక్కలా తెల్లటి నురుగు, మధ్యలో ముదురు రంగు నీళ్ల పట్టీ కనిపిస్తే అక్కడ కాలు పెట్టొద్దు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. పిల్లలకు మోకాలి లోతే హద్దు. ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడూ ఒడ్డున నిలబడి చూస్తుండాలి, ఫోన్ చేతిలో లేకుండా. లైఫ్‌గార్డు ఈల వేస్తే వాదించకుండా బయటికి రావాలి.

కార్వార్ ఆటుపోట్ల పట్టిక ఫోన్‌లో దొరుకుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. ఈ రోజు ఉన్న వేళకు రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. రాళ్ల మీద ఆడుకోవడం, గవ్వలు ఏరుకోవడం నీళ్లు తీసేటప్పుడే పెట్టుకోండి, పోటు మొదలవగానే రాళ్లు దిగెయ్యండి. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోసినా, ఇసుకతో రుద్దినా మంట పెరుగుతుంది.

గుడికి తెల్లవారగానే వెళ్లండి. ముందు మహాగణపతి దర్శనం, తర్వాత మహాబలేశ్వరుడు. రావణుడు ఆత్మలింగాన్ని చేతికిస్తే కింద పెట్టేసింది ఆ వినాయకుడే కాబట్టి ఆయనకే మొదటి మొక్కు. మగవాళ్లు పంచె కట్టుకుని చొక్కా తీసెయ్యాలి. అల్లుడుగారికి పంచె ఇంటి నుంచే పెట్టు. నువ్వు చీర కానీ చుడీదార్ కానీ. మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ సాయంత్రం దాకా తెరవరు, పదకొండు దాటాక బయల్దేరొద్దు.

మూడో రోజు కొండకు ఇవ్వండి. యాణ గోకర్ణం నుంచి యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, ముందురోజు రాత్రే కారు మాట్లాడి ఏడింటికి బయల్దేరండి. దట్టమైన అడవిలో నల్లటి సున్నపురాతి శిఖరాలు రెండు ఉన్నాయి. భైరవేశ్వర శిఖరం 120 మీటర్లు, మోహిని శిఖరం 90. చివర కొంత దూరం నడవాలి, ఆపైన మెట్లు. మీ అత్తగారు నడకదారి మొదట్లో నీడన కూర్చోవచ్చు, మామగారిని తోడుంచు. ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఎన్నింటికి ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. డబ్బు నోట్లుగా ఉంచుకో. మలుపుల్లో చిన్నదానికి వాంతులవుతాయి కదా, పొద్దున పాలు పట్టకుండా రెండు ఇడ్లీలు పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టు.

ఆ జిల్లా అడవుల్లో పిడుదుల ద్వారా వచ్చే క్యాసనూరు జ్వరం ఉంది, అక్కడివాళ్లు కోతి జబ్బు అంటారు. డిసెంబరు నుంచి మే దాకా దాని కాలం. భయపడి మానుకోనక్కర్లేదు, జాగ్రత్త చాలు. నిండు ప్యాంట్లు, మేజోళ్లు వేసుకోండి, ప్యాంటు అంచును మేజోళ్లలోకి దూర్చండి. ఆకుల మీద కూర్చోవద్దు. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు. గదికొచ్చాక స్నానం చేసి, పిల్లల చెవుల వెనక, చంకల్లో వెతుకు. వారం పది రోజుల్లోపు జ్వరమొస్తే డాక్టరుకు ఆ అడవికి వెళ్లామని తప్పక చెప్పాలి.

భోజనం సంగతికొస్తే, కూరలన్నీ కొబ్బరితోనే. దొడ్డు ఉప్పుడు బియ్యం మామగారికి సయించకపోతే తెల్లన్నం అడిగితే ఇస్తారు. నీరు దోసె పిల్లలకు నచ్చుతుంది. చేపలు తినాలంటే కుమటాలో, కార్వార్‌లో మీల్స్ హోటళ్లు చూడండి. బంగుడె మన కానాగంత, అంజల్ వంజరం. రవ్వ పట్టించి వేయించింది కారం తక్కువ. అఘనాశిని నదీముఖం గుల్లలకు పేరు, కడుపు సున్నితంగా ఉన్నవాళ్లకు మాత్రం పెట్టొద్దు. ఎండలో తిరిగొచ్చాక కోకం షర్బత్ తాగండి.

తిరుగు బండి కార్వార్‌లో సాయంత్రం ఆరు ప్రాంతంలో బయల్దేరి గోకర్ణ రోడ్‌కు చీకటి పడ్డాక వస్తుంది. పొద్దున్నే గది ఖాళీ చేయాలి, మధ్యలో రోజంతా ఉంది. ఆ పూట మిర్జాన్ కోటకు పెట్టుకోండి. హైవేకి దగ్గర, కారు కోట ముందు దాకా పోతుంది, మీ అత్తగారు కూడా చూడగలరు. కుమటాలో భోజనం చేసి, గోకర్ణం వచ్చి సామాను తీసుకుని, ఆరింటికల్లా స్టేషన్‌కు చేరండి. చిన్న స్టేషన్, రాత్రి తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. చపాతీలు ఊళ్లోనే కట్టించుకో.

టికెట్లు తెరిచే రోజు లెక్కేసుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. గది ఖాయం చేసే ముందు ఆ ఇంటివాళ్ల నంబరు నాకు పంపు, మెట్ల సంగతి నేనే కన్నడలో అడుగుతాను.

మీ మామయ్య