కథంతా తెలిసిన ఇవాంజెలియన్‌ను మళ్లీ మాంగాలో ఎందుకు చదవాలి?

"నెట్‌ఫ్లిక్స్‌లో నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్ 26 భాగాలూ, ఆ తర్వాతి సినిమా కూడా చూసేశాను. కథంతా తెలిసిపోయాక అదే పేరుతో ఉన్న మాంగా కొనడం డబ్బు దండగ కాదా? అసలు అనిమే నుంచి పుట్టిన మాంగాలు చదవదగ్గవేనా?" అని అడిగారు. కొత్తవారి కోసం ఒక మాట: అనిమే అంటే జపాన్ యానిమేషన్, మాంగా అంటే అక్కడి బొమ్మల కథ, ఇవాంజెలియన్ ఇవా అనే భారీ యుద్ధ యంత్రాలను నడిపే పిల్లల కథ. ఇక జవాబు: దండగ కాదు. రెండో ప్రశ్నకు మాత్రం నా జవాబు ఒక షరతుతో కూడుకున్నది: ఆ మాంగాను ఎవరు గీశారో ముందు చూడండి.

మీ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. తెరమీద ఆడిన కథ అచ్చులోకి వస్తే అది వెండితెర నవలే అయి ఉంటుందని మనవాళ్లకు ఒక అభిప్రాయం ఉంది. ముళ్ళపూడి వెంకటరమణగారు రాసిన వెండితెర నవలలను ఇప్పటికీ వెతుక్కుని చదివేవారు ఉన్నారు గానీ, ఆ ప్రక్రియ ఉద్దేశం చూసిన సినిమాను మళ్లీ తలచుకునేలా చేయడమే. అందులో కథ మారదు, మారకూడదు కూడా. జపాన్‌లోనూ ఇటువంటి మాంగాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. అనిమే ప్రసారానికి ప్రచారంగా ఒక పత్రికలో మొదలై, ప్రసారం ముగియగానే నాలుగు సంపుటాలతో చాప చుట్టేసేవి అవి. వాటి గురించి మీరన్నదే నిజం, వాదించను.

ఇవాంజెలియన్ మాంగా కూడా ప్రచారం కోసమే పుట్టింది. టీవీ టోక్యోలో అనిమే 1995 అక్టోబరు 4న మొదలైతే, మాంగా 1994 డిసెంబరులోనే షోనెన్ ఏస్ మాసపత్రికలో మొదలయింది. అనిమే 1996 మార్చిలో ముగిసింది. మాంగా మాత్రం నడుస్తూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ 2013 జూన్‌లో గానీ పూర్తి కాలేదు, చివరిదైన 14వ సంపుటం 2014లో వచ్చింది. ప్రచారానికని మొదలుపెట్టిన పని ప్రచారం చేయవలసిన వస్తువు ముగిసిన తర్వాత 17 ఏళ్లు సాగిందంటే, గీస్తున్న మనిషికి సొంతంగా చెప్పవలసింది ఏదో ఉందనే కదా అర్థం. ఆ మనిషి యోషియుకి సదమోటో. అనిమేకు దర్శకుడు హిడెయాకి అన్నో అయితే, ఆ యంత్రాలను నడిపే కథానాయకుడు షింజి, అతని తోటి పిల్లలు రెయి, అసుకాల ముఖాలను మొదట కాగితం మీద దిద్దినవాడు సదమోటో. నేను పెట్టిన షరతు ఇదే. ఒక అనిమేలోని పాత్రలకు రూపమిచ్చిన చిత్రకారుడే కూర్చుని మాంగా గీస్తే అది బాగుండి తీరుతుంది. బయటి నుంచి ఎవరినో పిలిచి గీయిస్తే నూటికి తొంభైసార్లు అది పారేయదగ్గదే. ఈ మాట అన్నప్పుడల్లా నన్ను మూర్ఖుడని అనేవారున్నారు, అననివ్వండి.

కథ తెలిసిపోయిందన్న మీ మాటకు మాత్రం నా దగ్గర కంటితో చూసిన సాక్ష్యం ఉంది. ఒక సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి హైదరాబాదు వస్తూ, నేనూ మా మేనల్లుడూ సామర్లకోటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వాడప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, ఒక కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఉండేవాడు. పాఠ్యపుస్తకం కాని కాగితం ఏది కనిపించినా పెట్టెలోంచి తీసి పట్టుకుపోయే హాస్టలు అది. పదిహేడేళ్ల పిల్లవాడి చేతిలో కథల పుస్తకం కనిపిస్తే నేరంగా చూసే ఆ పద్ధతి మీద వేరే ఎవరైనా ప్రశ్న అడిగితే తీరిగ్గా రాస్తాను. వాడు సెలవుల్లో ఫోనులో అనిమే అంతా చూసేసి ఉన్నాడు. నా సంచిలో మూడేసి సంపుటాలను ఒకటిగా కుట్టిన ఆంగ్ల ప్రతి ఉంటే, కాలక్షేపానికి తీసుకుని కింది బెర్తులో దీపం కింద కూర్చున్నాడు. మొదట్లో వాడు పుటలు తిప్పిన తీరు చూస్తే, తెలిసిన లెక్కను మరోసారి సరిచూస్తున్నట్టే ఉంది. రాజమండ్రి దాటి బండి వంతెన మీదికి వచ్చింది, పక్క సీట్లవాళ్లు కిటికీల దగ్గర చేరి గోదారిలోకి చిల్లర విసురుతున్నారు, మా అక్క కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పి నేను వాడిని పిలుస్తున్నాను. వాడు తల ఎత్తలేదు. ఒక పుట దగ్గర ఆగి, నాలుగు పుటలు వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చి, "మామయ్యా, అనిమేలో తోజికి కాలు పోయింది గానీ బతికాడు కదా? ఇక్కడేంటి, చచ్చిపోయాడు?" అన్నాడు.

చూసినవారు కనుక మీకు గుర్తుండే ఉంటుంది. షింజి తరగతి స్నేహితుడైన తోజి మూడో నంబరు ఇవా యంత్రంలో ఉండగా దాన్ని శత్రువు ఆక్రమించుకుంటుంది, షింజి చెయ్యెత్తనని మొండికేస్తాడు, తండ్రి గెండో అతని ప్రమేయం లేకుండానే అతని యంత్రాన్ని తోలి మూడో నంబరును చీల్చి పారేయిస్తాడు. అనిమేలో తోజి ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరుస్తాడు. సదమోటో ఆ కళ్లు తెరవనివ్వలేదు. మేనల్లుడు పుస్తకాన్ని మూసి వేలు మధ్యలో పెట్టుకుని కాసేపు కిటికీ వైపు చూసి, "అయితే దీని తర్వాత ఏమవుతుందో నాకు తెలీదన్నమాట" అన్నాడు. ఖమ్మం దాటేవరకూ పులిహోర ముట్టలేదు, పుస్తకం దించలేదు. మీ ప్రశ్నకు వాడు చెప్పినదానికంటే మంచి జవాబు నేను చెప్పలేను. ఆ ఒక్క చావు తర్వాత షింజి కోపానికి వేరే బరువు వస్తుంది, తండ్రితో అతను మాట్లాడే ప్రతి మాటా వేరే చోటు నుంచి వస్తుంది. అసలు మాంగాలోని షింజి అనిమేలోని షింజి అంత ముడుచుకుపోయేవాడు కాదు. వెటకారం తెలిసినవాడు, ఎదురు చెప్పేవాడు.

షింజికి దగ్గరై చివరికి శత్రువుగా తేలే కుర్రవాడు కావొరు విషయంలో తేడా మరింత పెద్దది. అనిమేలో అతను 24వ భాగంలో వచ్చి ఆ భాగంలోనే చనిపోతాడు. అతన్ని తన ఇవా యంత్రం చేతిలో పట్టుకుని షింజి తటపటాయించే దృశ్యంలో బొమ్మ కదలకుండా సుమారు ఒక నిమిషం నిలిచిపోతుంది, వెనక బీథోవెన్ తొమ్మిదో సింఫనీ సాగుతూ ఉంటుంది. కదిలే బొమ్మల మధ్య కదలని బొమ్మ కావడమే దాని బలం. కాగితం మీద ప్రతి బొమ్మా కదలనిదే, పైగా సంగీతం లేదు, కనుక ఆ ఉపాయం మాంగాలో పనికిరాదు. సదమోటో దాన్ని అనుకరించే ప్రయత్నం చేయకుండా కావొరును చాలా ముందుగా, తొమ్మిదో సంపుటంలోనే కథలోకి తెచ్చాడు. శిథిలమైన చర్చిలో పియానో వాయిస్తూ కనిపించిన ఆ కుర్రవాడు, కాళ్ల దగ్గర తిరుగుతున్న దిక్కులేని పిల్లికూనను మెడ నులిమి చంపి, ఎలాగూ ఆకలితో చచ్చేదే కదా అన్న ధోరణిలో మాట్లాడతాడు. షింజికి అతనంటే అసహ్యం కలుగుతుంది. అనిమేలో ప్రేమగా మొదలైన బంధం ఇక్కడ ఏవగింపుతో మొదలై, ఎంతో ఆలస్యంగా, ఎంతో ఇబ్బందిగా దగ్గరితనంగా మారుతుంది. చివరికి చేతిలో పట్టుకునే ఘట్టం వచ్చేసరికి పాఠకుడి దగ్గర సంగీతం లేకపోయినా అంతకు ముందు చదివిన వందల పుటలు ఉంటాయి. సంగీతం చేసిన పనిని పుటల సంఖ్య చేత చేయించడం మామూలు విద్య కాదు.

నా సిద్ధాంతానికి దీనికంటే గట్టి ఆధారం గుండమ్. 1979లో వచ్చిన తొలి మొబైల్ సూట్ గుండమ్ అనిమేకు దర్శకుడు యోషియుకి తొమినో కాగా, పాత్రల రూపకల్పనా చిత్రాల పర్యవేక్షణా యోషికాజు యసుహికోవి. దాని ఆటబొమ్మలు అమ్ముడుపోక, చూసేవారు లేక, 52 భాగాలు అనుకున్నదాన్ని 43తో ముగించేశారు. చివరి దశలో యసుహికో జబ్బుపడి ఆస్పత్రి పాలయ్యాడు, ముగింపు భాగాల బొమ్మలు ఆయన చేతుల మీదుగా రాలేదు. ఇరవై ఏళ్లు దాటాక, 2001లో, ఆయన గుండమ్ ది ఆరిజిన్ అనే మాంగా మొదలుపెట్టి 2011 వరకూ అదే కథను మొదటి నుంచీ మళ్లీ గీశాడు. ఈసారి వారం వారం తరుముకొచ్చే గడువూ లేదు, ఆటబొమ్మల కంపెనీ ఒత్తిడీ లేదు. కథ నడుమ వచ్చే జాబురో యుద్ధం కాగానే ప్రధాన కథను ఆపి, చార్, సేలా అనే అన్నాచెల్లెళ్ల బాల్యంలోకి వెళ్లి, వాళ్ల తండ్రి మరణం, రాజకీయ కుట్ర, పేరు మార్చుకుని బతకడం అంతా సంపుటాల కొద్దీ చెప్పాడు. అనిమేలో మాటల్లో దొర్లిపోయిన గతం అది. ఆ భాగాన్నే 2015 నుంచి 2018 వరకూ ఆరు భాగాల అనిమేగా మళ్లీ తీశారు. అనిమే నుంచి పుట్టిన మాంగా తిరిగి అనిమేకు జన్మనిచ్చింది, దీన్ని వెండితెర నవల అనగలమా? యసుహికో నీటిరంగులతో వేసిన పుటలు చూసినవారెవరూ అనలేరు.

వ్యతిరేక ఉదాహరణలకూ కొదవ లేదు. కోడ్ గియస్ అనిమేకు మజికో గీసిన మాంగాలో నైట్‌మేర్ ఫ్రేములనే యుద్ధ యంత్రాలను పూర్తిగా తీసేశారు. యంత్రాలు లేకుండా ఆ తిరుగుబాటు కథ చదువుతుంటే సగం సైన్యం సెలవు మీద వెళ్లిందా అనిపిస్తుంది. కౌబాయ్ బీబాప్ పేరుతో వచ్చిన మాంగాలది మరో చిక్కు. ఆ అనిమేకు ప్రాణం యోకో కన్నో సంగీతం, అది లేని బీబాప్ నాకు చప్పగా ఉంది. సంగీతం లోటును పూడ్చడానికి సదమోటోకు 14 సంపుటాలు దొరికాయి, వాళ్లకు దొరికినవి రెండు మూడు మాత్రమే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవాంజెలియన్ 14 సంపుటాలూ ఆంగ్లంలో ఐదు లావుపాటి పుస్తకాలుగా కలిపి దొరుకుతాయి. విడివిడి సంపుటాల జోలికి వెళ్లకండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు పూర్తి సెట్ అని చెప్పి మధ్యలో ఒక సంపుటం లేకుండా పంపాడు, అడిగితే అట్ట మీద బొమ్మ ఒకేలా ఉందని అదే సంపుటం రెండోసారి పంపాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మాంగాలు కనిపించడం మొదలైంది గానీ అక్కడ వరుస సంపుటాలు దొరకడం అరుదు. తెలుగులో అయితే ఈ పుస్తకాలు లేనే లేవు. అనిమేలకు తెలుగు డబ్బింగ్ వస్తున్న రోజుల్లో మాంగాకు ఒక్క ప్రచురణకర్తా ముందుకు రాకపోవడం నాకు మింగుడుపడదు.

అయిదూ కొనే స్తోమత లేకపోతే మొదటిదీ చివరిదీ కొని సరిపెట్టుకుందామని మాత్రం చూడకండి, ఎందుకంటే సదమోటో ముగింపు మధ్యలో ఉన్నవాటి మీదే నిలబడి ఉంది. అనిమేలో జపాన్ అంతా ఎప్పుడూ వేసవే అనీ, ప్రతి భాగంలోనూ కీచురాళ్లు అరుస్తూనే ఉంటాయనీ మీకు గుర్తుందా? భూమి అక్షం ఒరిగిపోయి చలికాలమన్నదే లేకుండా పోయిన లోకం అది. మాంగా ఆఖరి అధ్యాయంలో మంచు కురుస్తుంది, పరీక్ష రాయడానికి వెళుతున్న షింజి కిక్కిరిసిన రైలులో అసుకాకు చేయి అందిస్తాడు, ఇద్దరికీ ఒకరెవరో ఒకరికి తెలియదు. 1997 నాటి సినిమా ఎర్రటి సముద్రపు ఒడ్డున వదిలిపెట్టిన అదే ఇద్దరికి ఈ చిత్రకారుడు ఒక చలికాలాన్నీ ఒక ప్రవేశ పరీక్షనూ ఇచ్చాడు. సినిమా ముగింపే గొప్పదనేవారితో నేను వాదనకు దిగను, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడకుండా తీర్పు చెప్పేవారితో మాత్రం దిగుతాను.