పాటల పెట్టె: రెండో చరణం దాకా వినండి

(నెల్లూరులో చాలాకాలం క్యాసెట్ల షాపు నడిపిన మా శీర్షిక నిర్వాహకుడు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: అంకుల్, ఫోన్లో పాట పెట్టి పల్లవి అవగానే మార్చేస్తానని మా తాతయ్య రోజూ కోప్పడతాడు. ఇప్పటి పాటల్లో బాగుండేది ఆ ముక్కే కదా? చరణాలు ఎవరు వింటున్నారు?
- డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: నేను మీ తాతయ్య పక్షమే తల్లీ. పల్లవి ఊరి పేరు చెబుతుంది, ఊళ్లోకి తీసుకుపోయేది చరణం. మా షాపుకి నీ వయసు పిల్లలు నోటుబుక్కు కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్టుకి ఒక్కో వైపు ముప్పై నిమిషాలే. ఏ పాట ఎంతసేపు వస్తుందో కూడుకుని, చివరి పాట తెగకుండా చూడటమే మా పనితనం. పల్లవి, ఒక చరణం వచ్చి టేపు ఆగిపోయిందంటే ఆ క్యాసెట్టు తిరిగి షాపుకొచ్చేది. 'రెండో చరణం ఏదన్నా?' అని నిలదీసేవాళ్లు. అంతకు ముందు నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డుల కాలంలో ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. ఆ కాస్త చోటులోనే పల్లవి, చరణాలు, మధ్యలో వాయిద్యాలు అన్నీ ఇమిడ్చారు. కాబట్టి టైము లేక చరణం తీసేశామంటే నేను ఒప్పుకోను.

మనవాడు ఆత్రేయనే తీసుకో. 1921లో సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టాడు. 'ప్రేమ్ నగర్' (1971)కి ఆయన రాసి, మహదేవన్ బాణీ కట్టి, ఘంటసాల పాడిన 'మనసు గతి ఇంతే' పల్లవి అందరికీ తెలుసు. పల్లవిలో ఒక నిట్టూర్పు వినపడుతుంది, అంతే. అసలు సంగతి చరణాల్లో ఉంది. మనసు గాయపడితే ఏమవుతుందో మెట్టు మెట్టుగా చెప్పుకుంటూ పోయి, చివరి చరణంలో మరుజన్మ మాటెత్తి దేవుణ్ణే తప్పుపడతాడు. పల్లవి దగ్గర ఆపేసినవాళ్లకి ఆ కోపం అందదు. ఈ రాత్రికి ఆ ఒక్క పాట మీ తాతయ్యతో కలిసి చివరిదాకా విను.

రీల్స్‌కి పనికొచ్చే ముక్క ముందు చేసుకుని, మిగతాది మాటలతో నింపేస్తున్న పాటలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. అవి నాకు నచ్చవు. పిల్లలు వినేది అంతేనని నిర్మాతలు అనుకుంటున్నారు. మీరు పూర్తిగా వింటే వాళ్లూ పూర్తి పాట చేస్తారు.

ప్రశ్న: 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది సరే, అది అంత గొప్ప పాటేనా సార్?
- టీచర్, వెంకటగిరి

జవాబు: గొప్ప పాటే. 2023లో ప్రపంచమంతా ఎన్టీఆర్, రామ్ చరణ్‌ల కాళ్ల వేగం చూసింది. నాకు మాత్రం చంద్రబోస్ మాటలు ముఖ్యం. పోట్లగిత్త, పోలేరమ్మ జాతర, కర్రసాము, జొన్నరొట్టెలో మిరపతొక్కు... ఏదీ అరువు తెచ్చుకున్నది కాదు. మీ ఊళ్లో పోలేరమ్మ జాతర చూస్తూ పెరిగినవాళ్లకి ఆ లైను ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుస్తుంది. కీరవాణి ఆ మాటల్ని వాయిద్యాల కింద నలిగిపోనివ్వలేదు. ఇప్పటి చాలా పాటల్లో నాకు దొరకనిది అదే.

ప్రశ్న: పాటల పోటీ చూద్దామని టీవీ ముందు కూర్చుంటే పాట మూడు నిమిషాలు, ఏడుపులు పది నిమిషాలు. మీకు విసుగు రాదా?
- బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: వస్తుంది. పాడే పిల్ల ఇంటి కష్టం తెలుసుకోవడం తప్పు కాదు. కానీ ఆ పిల్ల స్వరం ఎక్కడ జారిందో, ఎక్కడ నిలబడిందో చెప్పేవాళ్లు కావాలి. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి చూశాను. బాలుగారు పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో తప్పకుండా చెప్పేవారు. ఒత్తు పోయినా, శ, ష, స కలగలిసినా వదిలేవారు కాదు. పిల్లాడు చిన్నబుచ్చుకోకుండా తనే పాడి చూపించేవారు. ఇంట్లో కూర్చుని చూసే మాకూ అది పాఠమే. గాయని ఉష ఆ వేదిక మీది నుంచే వచ్చింది.

అలాగని ఇప్పటి పోటీలన్నీ వృథా అనను. అద్దంకిలో పుట్టిన శ్రీరామచంద్ర 2010లో హిందీవాళ్ల ఇండియన్ ఐడల్ గెలిచాడు. 2022లో ఆహాలో తెలుగు ఇండియన్ ఐడల్ తొలి సీజన్ గెలిచింది మా నెల్లూరు అమ్మాయి వాగ్దేవి. నా బాధ ఆ తర్వాతి సంగతి గురించి. కప్పు ఇచ్చి, కాగితాలు చల్లి పంపించేస్తే సరిపోదు. గెలిచినవాళ్లకి మంచి సొంత పాటలు దక్కాలి. లేకపోతే ఏళ్ల తరబడి ఫంక్షన్లలో పాత పాటలే పాడుకుంటూ ఉండిపోతారు. ఇంత సాధన చేసిన గొంతులకి అది అన్యాయం.

ప్రశ్న: నెల్లూరులో బాలుగారి ఇల్లు చూడొచ్చా?
- ఒక అభిమాని, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని 2020 ఫిబ్రవరిలో ఆయనే వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. హరికథలు చెప్పిన తండ్రి సాంబమూర్తిగారి జ్ఞాపకం ఉన్న ఇల్లది. వెళితే, పిల్లలు చదువుకునే చోటని గుర్తుపెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: అన్నా, నెలకల్లా ఓటీటీలో వచ్చేదానికి సూళ్లూరుపేట పెద్ద తెర దాకా పోవాలా?
- గూడూరు కుర్రాడు

జవాబు: యుద్ధాలు, గ్రాఫిక్స్ ఉంటే పో. 2019లో 'సాహో'తో మొదలైన ఆ వి ఎపిక్ థియేటర్ తెర అలాంటి సినిమాల కోసమే. మాటల మీద నడిచే సినిమా ఇంట్లో చూసుకో, ఫోను పక్కన పెట్టి.

ప్రశ్న: మా అత్తయ్యకి రాత్రి సీరియల్సే కావాలి. నాకేమో పాటలు. ఉన్నది ఒక్క టీవీ. ఏం చేయను?
- ఒక గృహిణి, మార్కాపురం

జవాబు: పగలంతా పనితో అలిసిపోయి ఇద్దరూ కూర్చునేది ఆ కాసేపే కదమ్మా. ఆమె సీరియల్ ఆమెని చూడనివ్వు. సీరియళ్లలోనూ మంచి పాటలున్నాయి. 2001లో జెమినీలో మొదలైన 'అమృతం' టైటిల్ పాట సిరివెన్నెల రాశారు. కష్టాన్ని తేలిగ్గా తీసుకోమని అంత హుషారుగా చెప్పిన పాట సినిమాల్లో కూడా తక్కువ. ముందు అది అత్తయ్యకి వినిపించు. తర్వాత ఆమె పెళ్లినాటి పాటలేవో అడిగి ఫోన్లో వెతికి పెట్టు. ఒక్క అరగంట టీవీ కట్టేయడానికి ఆమే ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే ఆమె ఏ పాటలు అడిగిందో నాకు రాయి, వచ్చే నెల వాటి గురించే మాట్లాడుకుందాం.