దయ్యాల కథలు చెప్పబోయే మా అబ్బోడికి

నాయనా,

దయ్యాల కోటలు, శాపం తగిలిన వస్తువుల మీద వీడియోలు చేస్తావని, మొదటిది చంద్రగిరి కోటలో రాత్రిపూట తీస్తావని మీ అమ్మ చెప్పింది. చెయ్యి, వద్దనను. కోటకు మాత్రం పగలే పో. చీకట్లో అక్కడ భయపడాల్సింది రాళ్ల సందుల్లోని పాములకు. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటలో పురావస్తు శాఖ బోర్డును చూపించి జనాన్ని బెదిరిస్తారే, దాంట్లో పొద్దుగూకినాక, తెల్లవారకముందు లోపలికి రాకూడదనే ఉంది. దయ్యం మాటే లేదు. బోర్డు చూపిస్తే మొత్తం చదివి వినిపించు.

ఏ కథ చేతికొచ్చినా, దీనివల్ల ఎవరికి లాభమని ముందు అడుగు. హోప్ వజ్రాన్నే చూడు. నీలం రంగు, 45.52 క్యారెట్లు, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందంటారు. దాని శాపం కథకు మసాలా దట్టించింది పియర్ కార్టియే అనే నగల వ్యాపారి. అట్లా చెప్పే 1911లో ఎవలిన్ మెక్లీన్ అనే అమెరికా ధనవంతురాలికి అమ్మాడు. తర్వాత ఆమె తొమ్మిదేళ్ల కొడుకు కారు గుద్ది పోయాడు. ఆ తల్లి కడుపుకోతను శాపానికి సాక్ష్యంగా చూపించొద్దు నాయనా. ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధి శాపం సంగతీ అంతే. ఆ తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నార్వన్ 1923లో పోయాడని చెప్పేటప్పుడు, దోమకాటు పుండై చీము పట్టిందనీ చెప్పు. సమాధి తెరిచిన హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడనీ చెప్పు.

మన వీధి చివరి పెంకుటిల్లు గుర్తుందా? మొగుడు పోయినాక ఆయమ్మకు ఆ ఇంటి అద్దే ఆధారం. రాత్రుళ్లు గజ్జెలు మోగుతాయని ఎవరో పుట్టించారు. నేనొక రాత్రి అక్కడే పడుకున్నా. అటక మీద ఎండు చింతకాయల్ని ఎలుక లాగుతుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పొద్దున ఆ కాయలు తెచ్చి అరుగు మీద పోసి ఊపి చూపించా. ఒక్కరూ నమ్మలా. మూడేళ్లు టులెట్ బోర్డు దిగలా. ఆఖరికి సగం ధరకు అమ్ముకునింది. కొన్నాయన నెల తిరక్కుండా కాపురం పెట్టినాడు, ఏ గజ్జెలూ మోగలా.

అంతకుముందు కరెంటు పోయినప్పుడల్లా ఆ గజ్జెల కథ మీ పిల్లలకు చెప్పింది నేనే. ఆయమ్మ బజార్లో ఎదురైతే ఇప్పటికీ తలెత్తి మాట్లాడలేను.

అందుకే మనుషులున్న ఇల్లు, అమ్మకానికో అద్దెకో ఉన్న ఇల్లు తియ్యొద్దు. గేటు గానీ, వీధి పేరు గానీ కనపడకూడదు. శనివారం రా. ఎండ ముదరకముందే చంద్రగిరి కోటలోని రాజమహల్‌కు పోదాం, నేనూ వస్తా.

మీ చిన్నాయన,
చిత్తూరు