ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ వాటా ఎందుకు? ఆదాయపన్నుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, కొత్త పన్ను విధానంలో వేసినవి.)

ప్రశ్న: ఈసారి ఇంక్రిమెంట్ వస్తే పన్ను పడే ఆదాయం 24 లక్షలు దాటుతుంది. 30 శాతం శ్లాబులో పడితే మొత్తం జీతం మీద 30 శాతం కోస్తారని, ఇంక్రిమెంట్ వద్దనుకోవడమే మేలని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: నిజం కాదు. నిశ్చింతగా తీసుకోండి. శ్లాబు రేటు ఆ శ్లాబులో పడిన ముక్కకే వర్తిస్తుంది. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షల ముక్కకూ వరుసగా 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటిన దానికి 30 శాతం. సరిగ్గా 24 లక్షల దగ్గర పన్ను 3,00,000. మీ ఆదాయం 24,50,000 అయితే పెరిగిన 50,000 మీద 15,000 పన్ను, ఆ పన్ను మీద 4 శాతం చొప్పున 600 సెస్సు పడతాయి. మిగతా 34,400 మీకే.

ఎక్కువ వస్తే నష్టమన్న మీ మిత్రుల భయం కొన్ని చోట్ల మాత్రం నిజమవుతుంది. మొదటిది 12 లక్షల గడప. అక్కడివరకూ 60,000 రిబేటు (పన్నులో తగ్గింపు) వల్ల పన్ను సున్నా. గడప దాటగానే రిబేటు పోతుంది. ఉన్నట్టుండి 60,000 మీద పడకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది: 12 లక్షలకు పైన ఎంత వచ్చిందో అంతకు మించి పన్ను వేయరు. 12,10,000 ఉంటే మామూలు లెక్కన 61,500 రావాలి గానీ 10,000 దగ్గర ఆపుతారు. అయితే దానిపై 4 శాతం సెస్సు మాత్రం వదలరు. అంటే 10,000 ఎక్కువ సంపాదించి 10,400 కట్టాలి. ఈ చిక్కు దాదాపు 12,70,588 వరకూ ఉంటుంది. జీతగాళ్లు దీనికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే మొత్తం) కలిపి చూసుకోవాలి. రెండో చోటు 50 లక్షలు. అక్కడ పన్ను మీద అదనంగా 10 శాతం సర్‌ఛార్జీ మొదలవుతుంది, ఇదే రకం ఇబ్బంది 51.6 లక్షల దాకా సాగుతుంది. ఈ ఇరుకుల్లో ఉన్నవాళ్లు జీతంలో కొంత భాగాన్ని యజమాని కట్టే ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) వాటాగా మార్చమని ఆఫీసులో అడగవచ్చు. మూలవేతనంలో 14 శాతం వరకూ కొత్త విధానంలోనూ మినహాయింపు దొరుకుతుంది. ఏడాది మొదట్లోనే అడగాలి. మార్చిలో అడిగితే అప్పటికే చెల్లించిన జీతాన్ని మార్చలేరు.

ప్రశ్న: ఈ శ్లాబుల గొడవంతా తీసేసి అందరికీ ఒకటే 10 శాతం పెడితే సులువూ న్యాయమూ కాదా? కష్టపడి ఎక్కువ సంపాదించినవాడికి శిక్ష ఎందుకు?
– వ్యాపారి, విజయవాడ

జవాబు: ఒకే రేటు పెడితే భారం ఎవరి మీదికి జరుగుతుందో చూడండి. ఏడాదికి 6 లక్షల ఆదాయం ఉన్న కుటుంబం ఇప్పుడు ఆదాయపన్ను కట్టదు. మీ లెక్కన 60,000 కట్టాలి. నెలకు 5,000, అంటే పిల్లల ఫీజో ఇంటి అద్దెలో సగమో. పన్ను పడే జీతం కోటి రూపాయలు ఉన్నవారు ఇప్పుడు సర్‌ఛార్జీ, సెస్సులతో కలిపి 29,51,520 కడతారు. మీ లెక్కన 10 లక్షలు కడితే చాలు. మొదటి ఇంట్లో తిండి, చదువు తగ్గుతాయి. రెండో ఇంట్లో తగ్గేది మదుపు. రూపాయి ఒకటే అయినా అది పోతే కలిగే లోటు ఒకటి కాదు. అందుకే ఎక్కువ సంపాదించేవారు ఎక్కువ వాటా కట్టడం న్యాయమని గట్టిగా చెబుతున్నాం. పైగా తక్కువ ఆదాయం వాళ్లు పన్నే కట్టరన్న మాట తప్పు. పెట్రోలు మీద వ్యాట్, సరుకుల మీద జీఎస్‌టీ కడుతూనే ఉన్నారు. వచ్చినదంతా ఖర్చయ్యే ఇంట్లో ఆదాయంతో పోలిస్తే ఆ పన్నుల వాటా ఎక్కువ.

సులువు సంగతికి వస్తే, శ్లాబులు గుణకారమే, కంప్యూటరు క్షణంలో చేస్తుంది. తలనొప్పంతా ఏది ఆదాయం, ఏది ఖర్చు, ఏది మినహాయింపు అని తేల్చడంలోనే ఉంది. ఒకే రేటు పెట్టినా ఆ పని తప్పదు.

అలాగని రేటు ఎంత పెంచితే అంత న్యాయమనీ కాదు. 1973-74లో మన దేశంలో పై శ్లాబు 85 శాతం, దానిపై 15 శాతం సర్‌ఛార్జీ కలిపి 97.75 శాతం. నూరు రూపాయల్లో చేతికి రెండున్నర కూడా రాకపోతే ఎవరు లెక్క చూపిస్తారు? అంత రేట్లే ఎగవేతకు ముఖ్య కారణమని నల్లధనంపై ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ అప్పటికే చెప్పింది. 1974-75లో 77 శాతానికి, 1985-86లో 50 శాతానికి, 1997-98లో 30 శాతానికి దించారు.

ప్రశ్న: మరి కోటీశ్వరులు నిజంగానే మాకంటే ఎక్కువ వాటా కడుతున్నారా?
– ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: జీతం అయితే కడుతున్నారు. పెట్టుబడి లాభం అయితే చాలాసార్లు కట్టడం లేదు, మాకు అసలు అభ్యంతరం ఇక్కడే. ఏడాదికి పైగా ఉంచిన లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన) షేర్లు అమ్మి కోటి లాభం చూసిన వ్యక్తికి, వేరే ఆదాయం లేదనుకుందాం. 4 లక్షల ప్రాథమిక మినహాయింపు, 1.25 లక్షల ప్రత్యేక మినహాయింపు పోను మిగిలిన 94.75 లక్షల మీద 12.5 శాతం. సర్‌ఛార్జీ, సెస్సు కలిపినా సుమారు 13.55 లక్షలే. అదే కోటి పన్ను పడే జీతంగా వస్తే 29.5 లక్షలు. పన్ను పడే ఆదాయం 30 లక్షలున్న ఉద్యోగి 4,99,200 కడతారు, అంటే 16.64 శాతం. షేర్ల కోటీశ్వరుడి వాటా 13.5 శాతం. ద్రవ్యోల్బణం వల్ల లాభం కొంత పైకే కనిపిస్తుందని, నష్టభయం ఉంటుందని రాయితీని సమర్థిస్తారు. ఆ వాదనలో బలం ఉంది గానీ, సగానికి తక్కువ పన్నును సమర్థించేంత బలం లేదు. జీతం రేట్లు ఇంకా పెంచడం కాదు, పెద్ద లాభాలకు విడిగా ఎక్కువ రేటు పెట్టడం సరైన దారి.

ప్రశ్న: ఉద్యోగంతో పాటు కొబ్బరి తోట ఉంది. సాగు ఆదాయానికి పన్ను లేదు కదా, రిటర్నులో చూపకపోతే ఏమవుతుంది?
– అమలాపురం

జవాబు: తప్పకుండా చూపాలి. సాగు ఆదాయంపై నేరుగా కేంద్రం పన్ను వేయదు. రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. కానీ సాగు ఆదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం 4 లక్షలు దాటితే, రేటు తేల్చడానికి దాన్ని కలుపుతారు. పన్ను పడే జీతం 16 లక్షలు, తోట మీద 8 లక్షలు అనుకోండి. 24 లక్షలకు పన్ను 3,00,000. దాంట్లోంచి, పన్ను లేని 4 లక్షలు, తోట 8 లక్షలు కలిపిన 12 లక్షలకు వచ్చే 60,000 తీసేస్తారు. మిగిలిన 2,40,000 మీ పన్ను. తోట లేకపోతే 1,20,000. ఆఫీసువాళ్లకు తోట సంగతి తెలియదు కాబట్టి టీడీఎస్‌లో (జీతంలోంచి ముందే కోసే పన్నులో) ఇది రాదు. అమ్మకపు పట్టీలు, కూలి, ఎరువుల బిల్లులు దాచుకోండి. నోటీసు వస్తే అవే ఆధారం.

ప్రశ్న: ధనవంతుల సర్‌ఛార్జీ పెంచితే మన రాష్ట్రాలకూ డబ్బు వస్తుంది కదా?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: రాదు. సర్‌ఛార్జీ, సెస్సు పూర్తిగా కేంద్రానివే, రాష్ట్రాలకు పంచే మొత్తంలో చేరవు. పైన చెప్పిన కోటి జీతం పన్నులో 3,71,520 అలా పక్కకు పోతుంది. అందుకే పెంచదలిస్తే మూల రేటులోనే పెంచాలని మా వాదన.

ప్రశ్న: పన్ను పడే జీతం 10 లక్షలు, లిస్టెడ్ షేర్లలో స్వల్పకాలిక లాభం (ఏడాది లోపే అమ్మగా వచ్చినది) 1.5 లక్షలు. మొత్తం 12 లక్షల లోపే కదా, పన్ను సున్నా అనుకోవచ్చా?
– ఖమ్మం

జవాబు: అనుకోవద్దు. రిబేటు జీతం మీది పన్నుకే. ఆ 1.5 లక్షలపై 20 శాతం, సెస్సుతో 31,200 కట్టాలి. బ్రోకరు కోసి పెట్టరు. బాకీ 10,000 దాటింది కాబట్టి ముందస్తు పన్నుగా జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15 తేదీల్లో చెల్లించాలి. లాభం వచ్చాక మిగిలిన వాయిదాల్లో కట్టినా సరిపోతుంది. మార్చి దాటితే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ కలుస్తుంది.