రూటర్ మాన్యువల్లో 4వ స్టెప్ దగ్గర అందరూ ఎందుకు ఆగిపోతున్నారంటే

మీరు రాసిన స్టెప్ ఇది: "రీసెట్ చేసి, లాగిన్ అయి, వైఫై పేరు మార్చుకోండి. గమనిక: రీసెట్ చేస్తే పాత సెట్టింగులన్నీ పోతాయి." వాడేవాళ్ళు ఇక్కడే ఆగి ఫోన్ చేస్తున్నారంటే లోపం వాళ్ళది కాదు, ఈ వాక్యానిది.

ముందు ఆ గమనికను పైకి తెండి. చాలామంది ఒక్కో ముక్క చదువుతూ ఆ పని చేసేస్తారు. హెచ్చరిక కంటబడేసరికి సెట్టింగులు పోయి ఉంటాయి.

తర్వాత, ఒకే వాక్యంలో మూడు పనులున్నాయి. విడదీసి, ప్రతి పని కిందా అది జరిగిందని ఎలా తెలుస్తుందో చెప్పండి:

"రూటర్ ఆన్‌లో ఉండగానే, వెనకున్న చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్ కొన పెట్టి 10 సెకన్లు నొక్కి ఉంచండి. లైట్లన్నీ ఆరి మళ్ళీ వెలుగుతాయి."

సెకన్లు మీ మోడల్‌కు సరిపోయేవి వేయండి. "కాసేపు" అని మాత్రం వద్దు, కొందరు రెండు సెకన్లకే వదిలేస్తారు.

అసలు చిక్కు లాగిన్‌లో ఉంది. రూటర్ సెట్టింగుల పేజీని తెరిచే 192.168.1.1 లాంటి అడ్రస్‌ను చాలామంది సెర్చ్ పెట్టెలో కొడతారు. బ్రౌజర్ పైనున్న అడ్రస్ బార్‌ను బొమ్మలో బాణంతో చూపించండి. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోన్ మొబైల్ డేటాకు మారిపోతే ఆ పేజీ తెరుచుకోదు. అందుకే "మొబైల్ డేటా ఆపండి" అన్నది విడి స్టెప్‌గా ఉండాలి. పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటే ఆ మాటా అక్కడే రాయండి.

తెరమీద "అప్లై" అని ఉంటే మాన్యువల్లో "భద్రపరచండి" అనకండి, ఆ బటన్ కోసం వెతుక్కుంటారు.

మార్చాక, ఆ రూటర్‌ను ఎప్పుడూ చూడని ముగ్గురికి ఇచ్చి, నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. వాళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయండి.