మూడుసార్లు వదిలేసిన ఖర్చుల లెక్క: నాలుగోసారి ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ పార్ట్ టైమ్ ఉద్యోగం చేస్తున్నాను. నా డబ్బు నేనే చూసుకోవడం నేర్చుకుందామని స్ప్రెడ్‌షీట్‌లో ఖర్చులు రాయడం మొదలుపెట్టి, మూడుసార్లు మధ్యలోనే వదిలేశాను. నెలాఖరుకు లెక్క కలవదు. పోయినసారైతే జీతం కన్నా ఖర్చే ఎక్కువ చూపించింది. అప్పేమీ చేయలేదు. బడ్జెట్, క్రెడిట్ కార్డు, పెట్టుబడి అన్నీ వీడియోల్లో చూస్తే అర్థమవుతాయి, చేయబోతే చిరాకొస్తుంది. నాది కామర్స్ కూడా కాదు. ఇది నాకు రాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు చేయకుండా, పాత బ్యాలెన్స్ తరగకుండా జీతం కన్నా ఖర్చు ఎక్కువ తేలిందంటే ఒకే ఖర్చు రెండుసార్లు ఎక్కి ఉండొచ్చు, లేదా ఖర్చు కానిది ఖర్చుల్లో పడి ఉండొచ్చు. ముందు అది వెతకండి. మీకు వస్తుందా రాదా అన్న బెంగ తర్వాత.

మామూలుగా ఏటీఎం దగ్గరే ఈ తప్పు జరుగుతుంది. నెల మొదట్లో 2,000 తీసి దాన్ని ఖర్చుగా రాస్తారు. ఆ నోట్లతోనే కట్టిన బస్సు ఛార్జీలు, కొన్న పుస్తకాలు మళ్లీ విడివిడిగా రాస్తారు. చేతి నుంచి పోయింది 2,000, షీట్‌లో కనిపించేది 4,000. క్రెడిట్ కార్డుదీ ఇదే కథ: కొన్నరోజు ఒకసారి, బిల్లు కట్టినరోజు మరోసారి. ఒక ఖాతా నుంచి మీదే ఇంకో ఖాతాకు పంపిన డబ్బు ఖర్చుల్లో పడటం మూడో రకం.

వీటికి ‘బదిలీ’ అని ఒక కాలమ్ పెడితే సరిపోతుంది. డబ్బు మీ దగ్గరే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారితే బదిలీ, ఇతరుల చేతికి వెళ్తే ఖర్చు. కార్డు బిల్లు కట్టడం కూడా బదిలీ కిందకే వస్తుంది, ఎందుకంటే ఖర్చు కొన్నరోజే రాసేశారు. బిల్లులో వడ్డీ, ఫీజులు ఉంటే మాత్రం అవి కొత్త ఖర్చులు.

గమనించండి, ఇందులో కూడికలు, తీసివేతలకు మించిన లెక్కే లేదు. కామర్స్ చదివినవాళ్లకు ఇది కాస్త ముందే అలవాటై ఉంటుంది, అంతే.

ఇక లెక్క కలవకపోవడం. అసలు చిరాకు పుట్టేది ఇక్కడే. మీరు నెలకోసారి సరిచూస్తున్నారు. రోజుకు మూడు పద్దులనుకున్నా నెలకు 90. అందులో ఒక్క తప్పును పట్టుకోవాలంటే ఎవరికైనా ఓపిక నశిస్తుంది. వారానికోసారి చూస్తే వెతకాల్సినవి 20 చిల్లరే. అదీ ఒక్క బ్యాంకు ఖాతాతో మొదలుపెట్టండి. వారం మొదటి బ్యాలెన్స్‌కు వచ్చినవి కలిపి, ఆ ఖాతాలోంచి పోయిన ఖర్చులు, బదిలీలు తీసేస్తే వారం చివరి బ్యాలెన్స్ రావాలి. క్రెడిట్ కార్డుతో కొన్నవి ఇందులోకి రావు, దానికి వేరే షీట్.

తేడా వచ్చిందా, ఆ తేడా అంకెనే అడగండి. అంతే మొత్తంతో ఏదైనా పద్దు ఉంటే అది రాయడం మరిచారు, లేదా రెండుసార్లు రాశారు. తేడాలో సగానికి సమానమైన పద్దు కనిపిస్తే వచ్చిన డబ్బును పోయినట్టు రాసి ఉంటారు: తిరిగొచ్చిన 300ను ఖర్చులో వేస్తే తేడా 600 వస్తుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 540ని 450 అని రాస్తే తేడా 90. 1,200లో సున్నా ఎగిరిపోయి 120 అయితే తేడా 1,080. రెండూ 9తో పోతాయి. ఇది రుజువు కాదు, ఎటు వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే. అకౌంట్స్ విభాగాల్లో ఇప్పటికీ వాడే పద్ధతి. ఇవేవీ కాకపోతే తేదీలు చూడండి, వారం చివర్లో చేసిన చెల్లింపు ఖాతాలో రెండు రోజుల తర్వాత పడొచ్చు.

స్ప్రెడ్‌షీట్ కూడా మోసం చేస్తుంది. మొత్తం తక్కువ చూపిస్తుంటే సెల్‌లో అంకె ఎడమవైపు అతుక్కుని ఉందేమో చూడండి. మామూలుగా అంకెలు కుడివైపు ఉంటాయి. ఎడమవైపు ఉన్నదాన్ని షీట్ అక్షరాలుగా తీసుకుని ఉండొచ్చు, అప్పుడు దాన్ని సమ్ ఫార్ములా కలపదు. అంకె పక్కన ఖాళీ స్పేస్ పడినా ఒక్కోసారి ఇలా కావొచ్చు. కింద కొత్త వరుసలు చేర్చినప్పుడు ఫార్ములా పరిధి పాత వరుస దగ్గరే ఆగిపోవడం ఇంకో మామూలు తప్పు.

వెతకడానికి 20 నిమిషాలు చాలు. అప్పటికీ మిగిలిన తేడా వారం ఖర్చులో ఒక శాతం లోపు ఉంటే ‘తేలనిది’ అని రాసి ముందుకెళ్లండి. ఎక్కువుంటే ఆపేసి, ‘14వ తేదీ దాకా సరిగ్గా ఉంది, 15న 340 తేడా’ అని ఒక వాక్యం రాసి పెట్టండి. మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. ‘నాకు రావట్లేదు’ అన్న మాటతో షీట్ మూసేస్తే మళ్లీ తెరవాలనిపించదు, ఎక్కడ పట్టుకోవాలో తెలియదు కాబట్టి.

వీడియోలు అర్థమవుతున్నాయి గానీ చేయలేకపోతున్నానన్నారు. చూసినప్పుడు గుర్తుపట్టడం వేరు, ఖాళీ షీట్ ముందు గుర్తు తెచ్చుకోవడం వేరు. పైగా మీరు బడ్జెట్, పెట్టుబడి, స్ప్రెడ్‌షీట్ ఒకేసారి ఎత్తుకున్నారు. ఏదైనా తేడా వస్తే అది డబ్బు గురించి తెలియకా, ఫార్ములా తెలియకా అన్నది కూడా తేలదు. కొన్నాళ్లు ఫార్ములాలు పక్కన పెట్టి నోటుబుక్కులో రాసినా నష్టం లేదు.

మొదటి నాలుగు వారాలు రాయడం, సరిచూడటం, అంతే. ఏ ఖర్చూ తగ్గించకండి. కొలవకముందే కోతలు పెడితే బడ్జెట్ త్వరగానే మూలపడొచ్చు. ఐదో వారంలో ఖర్చులను ఆరేడు రకాల కింద విడదీయండి. ఇరవై రకాలు పెడితే ప్రతి ఖర్చు దగ్గరా ఇది ఎందులోకి వస్తుందని ఆలోచిస్తూ కూర్చోవాలి. తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పరీక్ష ఫీజులు, బీమా, ప్రయాణాలు కూడి 12తో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా పక్కన పెట్టండి. ‘ఈ నెల అనుకోని ఖర్చు వచ్చింది’ అనుకునేవాటిలో కొన్ని తేదీతో సహా తెలిసినవే. పెట్టుబడి వీడియోలు ఇదంతా అయ్యాకే.

క్రెడిట్ కార్డు మాత్రం ఈ వరుస కోసం ఆగదు. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమని అడిగే చిన్న మొత్తం, కడితే చాలనుకోవద్దు, బిల్లు మొత్తం కట్టేలా ఆటో పే ఈ రోజే పెట్టండి, ఖాతాలో అంత డబ్బు ఉండేలా చూసుకోండి. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. కట్టకుండా వదిలితే వడ్డీ మీద వడ్డీతో 12 నెలల్లో 10,000 కాస్తా 14,258 అవుతుంది, ఆలస్య రుసుములు అదనం.

మధ్యలో కొన్ని వారాలు ఏమీ మెరుగుపడనట్టు అనిపించొచ్చు. టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ల వేగాన్ని కొలిచి విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ అనే పరిశోధకులు 1897లో ప్రచురించిన అధ్యయనంలో, సందేశాలు అందుకునే వేగం కొంతకాలం ఎదుగూ బొదుగూ లేకుండా ఆగి, ఆ తర్వాత మళ్లీ పెరిగింది. విడివిడి అక్షరాలు వినే దశ నుంచి మాటలను మాటలుగా వినే దశకు మారడానికి పట్టే కాలం అదని వాళ్ల వివరణ. ఈ ఆగుదల తప్పనిసరేమీ కాదని 1958లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడ్ కెల్లర్ వాదించారు. కాబట్టి ఆగిపోయినట్టుంటే ఎదురుచూస్తూ కూర్చోకండి. మొదటి వారం సరిచూడటానికి ఎంతసేపు పట్టింది, ఇప్పుడెంత పడుతోంది, ఈ రెండూ పక్కపక్కన రాయండి. బ్యాలెన్స్ పెరగకపోయినా ఆ నిమిషాలు తగ్గుతుంటే నేర్చుకుంటున్నట్టే. నాలుగు వారాలైనా తగ్గకపోతే షీట్ తీసుకెళ్లి లెక్కలు రాసే అలవాటున్న ఎవరికైనా చూపించండి. ‘డబ్బు ఎలా చూసుకోవాలి?’ అని కాదు, ‘ఈ 340 ఎక్కడ పోయింది?’ అని అడగండి.

పరీక్షలొచ్చి రెండు వారాలు రాయలేదనుకోండి, ఆ ఖాళీని జ్ఞాపకం మీద పూరించే పని పెట్టుకోవద్దు. ఆ బకాయి బరువుకే లెక్క రాయడం మానేయాలనిపించొచ్చు. బ్యాంకు యాప్ తెరిచి ఆ రోజున్న బ్యాలెన్స్ చూసి, పాత వరుసల కింద ఒక గీత గీసి, ఆ అంకెను కొత్త ప్రారంభ నిల్వగా వేసుకోండి. రాయని రోజుల ఖర్చు ఎంతన్నది పాత బ్యాలెన్స్‌కూ కొత్త బ్యాలెన్స్‌కూ మధ్య తేడాలోనే ఉంటుంది. ఆ కాలంలో వచ్చిన డబ్బును, బదిలీలను లెక్కలోకి తీసుకుని దాన్ని ఒక్క వరుసలో రాస్తే చాలు.